కుక్కల శిక్షణ కోర్సులో చేరేముందు: నేర్పేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూసుకోవడం ఎలా

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. జువాలజీతో డిగ్రీ అయింది. జంతువులతో పని చేయాలని ఉంది. విశాఖలో మధురవాడ వైపు ఒక సంస్థ మూడు నెలల ‘జంతు సంరక్షణ, శిక్షణ’ కోర్సు పెట్టింది. ఫీజు 55 వేలు. కరపత్రంలో నలుగురు నేర్పుతారని వేశారు: ఆర్మీ డాగ్ యూనిట్‌లో 17 ఏళ్లు పనిచేసి రిటైరైన హవల్దారు, ఒక వెటర్నరీ డాక్టరు, ‘ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ డాగ్ బిహేవియరిస్టు’ ఒకరు, పన్నెండేళ్లుగా కెన్నెల్ (కుక్కల పెంపక కేంద్రం) నడుపుతున్న బ్రీడరు ఒకరు. డాక్టరు ఉన్నాడు కదా, అది చాలు అంటారు నాన్న. ఆర్మీ ఆయన ఉంటే ఇంకేం చూడక్కర్లేదంటుంది మా స్నేహితురాలు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ నాన్నగారి మాటలోనూ, స్నేహితురాలి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఆ నలుగురివీ నాలుగు వేర్వేరు పనులు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు. కాబట్టి వీళ్లలో ఎవరు గొప్ప అని చూడకండి. మీరు రేపు చేయబోయే పనికి వీళ్లలో ఎవరి చేతికింద ఎన్ని గంటలు ఉంటారో చూడండి. ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇస్తారా, క్లినిక్‌లో డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేరతారా, పెట్ హాస్టల్ నడుపుతారా, వీధి కుక్కల ఆశ్రయంలో పనిచేస్తారా అన్నది ముందు ఒక కాగితం మీద రాసుకోండి. కంబాలకొండ దగ్గరున్న ఇందిరాగాంధీ జూలాజికల్ పార్కులో పని మీ మనసులో ఉంటే మాత్రం ఒకటి తెలుసుకోండి. అది అటవీశాఖ నడిపే జూ. ప్రైవేటు కోర్సు సర్టిఫికెట్‌ను చూసి అక్కడ ఉద్యోగం ఇవ్వరు.

ముందు డాక్టరు సంగతి. మన దేశంలో పశువైద్యుడంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ చదివి, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకున్నవారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అది ఐదున్నరేళ్ల చదువు. నమోదు ఉన్న ప్రతి డాక్టరుకూ ఒక నంబరు ఉంటుంది. అది అడగండి. నిజమైన డాక్టరు ఎవరూ దానికి నొచ్చుకోరు, ప్రిస్క్రిప్షన్ మీద రోజూ రాసే నంబరే అది. జువాలజీలో పీహెచ్‌డీ చేసినవారూ పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటారు. అది తప్పు కాదు గానీ ఆయన పశువైద్యుడు మాత్రం కాదు. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినవారిని కూడా ఊళ్లలో డాక్టరుగారనే పిలుస్తారు. వాళ్లది అవసరమైన పనే. కానీ 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, ప్రభుత్వం అనుమతించిన చిన్న చిన్న వైద్య సేవలు మాత్రమే, అదీ నమోదైన డాక్టరు పర్యవేక్షణలో చేయాలి.

డిగ్రీ నిజమేనని తేలాక అడగాల్సింది: ఇన్నేళ్లూ ఏ జంతువులతో పనిచేశారు? చాలామంది పశువైద్యుల సర్వీసు పాడి పశువులు, గొర్రెలు, మేకల మధ్యే గడుస్తుంది. కొందరిది పూర్తిగా కోళ్ల ఫారాల్లో. కోళ్ల డాక్టరు దగ్గర షెడ్డు శుభ్రత, రోగం ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకకుండా ఆపడం అద్భుతంగా నేర్చుకోవచ్చు. బెదిరిపోయిన పిల్లిని తువ్వాలులో చుట్టి గోళ్లు తగలకుండా బల్లమీద పెట్టడం మాత్రం రోజూ పిల్లుల్ని చూసే డాక్టరే నేర్పగలరు. పీజీ చేశారంటే ఏ విభాగంలోనో అడగండి. సర్జరీ, మెడిసిన్ అయితే ఆసుపత్రి పని బాగా తెలిసినవారు. న్యూట్రిషన్ అయితే మేత, తిండి లెక్కలు తెలిసినవారు.

ఈ డాక్టరు దగ్గర మీరు నేర్చుకోవాల్సినవి ఇవి: థర్మామీటరు కొనకు వాసెలిన్ రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు మాత్రమే పెట్టి జ్వరం చూడటం (ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్), చిగుళ్లు వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు వస్తోందో లేదో చూడటం, చెవుల వెనకా కాలివేళ్ల సందులా గోమార్లు వెతకడం, టీకాల కార్డు చదవడం, కుక్కను డాక్టరు దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్లాలా రేపటిదాకా ఆగొచ్చా అని తేల్చుకోవడం. ఇంజెక్షన్లు వేయడం, సెలైన్ పెట్టడం నేర్పి ‘మీరే సొంతంగా ట్రీట్‌మెంట్ చేసుకోవచ్చు’ అని ఎవరైనా ఆశ పెడితే ఆ కోర్సుకు దూరంగా ఉండండి. చట్టం చిక్కు ఒకవైపు. అంతకుమించి, మోతాదు తప్పితే పోయేది ఆ మూగప్రాణం. మనిషి జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌ను పిల్లి శరీరం విరిచేసుకోలేదు, ఒక్క మాత్రకే చనిపోవచ్చు. కుక్కల గోమార్లకు వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి మెడమీద పడితే వణుకు, ఫిట్స్ వస్తాయి.

అయితే మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. పశువైద్య డిగ్రీలో జంతు ప్రవర్తన గురించి కొంత ఉంటుంది కానీ, పిలిస్తే రాని కుక్కను పిలవగానే వచ్చేలా చేయడం చేతి పని. అది డిగ్రీతో రాదు, వందల గంటలు కుక్కలతో గడిపితే వస్తుంది.

ఇప్పుడు హవల్దారుగారు. నౌకాదళం తూర్పు కమాండ్ ఉన్న ఊరు, స్టీల్‌ప్లాంట్, పోర్టు ఉన్న ఊరు కాబట్టి విశాఖలో స్థిరపడిన మాజీ సైనికులకు, భద్రతా దళాలవారికి కొదవ లేదు. వాళ్లలో కుక్కలతో పనిచేసినవారు దొరకడం మన అదృష్టం. ఆర్మీ కుక్కల శిక్షణ మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో జరుగుతుంది. బీఎస్ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో, సీఆర్పీఎఫ్‌కు బెంగళూరు దగ్గర తరలులో శిక్షణ కేంద్రాలున్నాయి. ఆయన ఎక్కడ, ఏ కోర్సు, ఎన్ని వారాలు చేశారో చెప్పగలగాలి. సర్వీసు పత్రాల్లో ఆయన ట్రేడ్, అంటే ఏ పని చేశారన్నది, రాసి ఉంటుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది: ఆయన హ్యాండ్లరా, ఇన్‌స్ట్రక్టరా? హ్యాండ్లరుకు ఒక కుక్క అప్పగిస్తారు. దానితో ఏళ్లు గడుపుతారు. 17 ఏళ్ల సర్వీసులో లోతుగా పనిచేసింది రెండు మూడు కుక్కలతోనే కావచ్చు. ఇన్‌స్ట్రక్టరుగా చేసినవారి చేతిమీదుగా పదుల కొద్దీ కుక్కలు, పదుల కొద్దీ కొత్త హ్యాండ్లర్లు వెళ్లి ఉంటారు. మీకు కావాల్సింది మనుషులకు నేర్పిన అనుభవం. కుక్కకు చెప్పడం ఒకటి, ‘నీ ఎడమచేయి ఎందుకు బిగుసుకుంది, గొలుసు ఎందుకు లాగుతున్నావు’ అని మీ తప్పు మీకు పట్టి చూపించడం ఇంకొకటి. అలాగే ఆయన పని ఏది? బాంబులు వాసన పట్టడమా, జాడ తీయడమా, కాపలానా? వాసన పట్టించే పని చేసినవారు సాధారణంగా ఓపికతో, బొమ్మ మీద ఆశ పుట్టించి నేర్పుతారు. ఆ పద్ధతి ఇళ్లలోనూ పనికొస్తుంది.

ఆయన దగ్గర తప్పకుండా నేర్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. కెన్నెల్ దినచర్య, వేళకు తిండి, రోజూ బ్రష్ చేస్తూ ఒళ్లంతా తడిమి చూడటం, ప్రతి కుక్కకు ఒక రిజిస్టరు పెట్టి తిన్నది, విసర్జించింది, చేసిన వ్యాయామం రాయడం. పెట్ హాస్టల్ పెట్టాలనుకునేవారికి ఇంతకంటే మంచి గురువు దొరకరు. లోటు ఎక్కడొస్తుందంటే, దళాల్లోకి ఏరి ఏరి తీసుకున్న కుక్కలొస్తాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినాయిస్ జాతులవి, ఆరోగ్యంగా, బెదురు లేకుండా ఉన్నవే నిలుస్తాయి. ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే మాట. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే షిట్జూ జాతి చిన్న కుక్కకి తాతయ్య ఒక మాట చెప్తారు, పిల్లలు ఇంకో మాట చెప్తారు, లిఫ్టు తలుపు చప్పుడైతే వణుకుతుంది, ఎవరూ లేకపోతే సోఫా చించుతుంది. దానికి ‘సిట్, స్టే’ డ్రిల్లు నేర్పితే కూర్చుంటుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది.

ఇక్కడే చాలా కోర్సులు దారి తప్పుతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కుక్క ఎదుటి కుక్కను చూసి గుర్రుమంది. మెడలో చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) ఉంది. శిక్షకుడు ఒక్కసారి గట్టిగా లాగాడు. కుక్క నోరు మూసింది. చూసేవాళ్లకు పని అయిపోయినట్టే ఉంటుంది. కుక్క నేర్చుకున్నది మాత్రం వేరు: ఎదుటి కుక్క కనిపిస్తే నా మెడ నొప్పి పుడుతుంది. భయం పెరిగింది. పైగా గుర్రుమంటే దెబ్బ పడుతుందని తెలిసింది కాబట్టి ఆ హెచ్చరిక మానేసింది. మూడు నెలలకో ఆరు నెలలకో ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది. ‘ఏమీ అనకుండానే కరిచేసిందండీ’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ హెచ్చరికను నోరు నొక్కి ఆపించింది శిక్షణే. సరైన దారి నెమ్మదిగా సాగుతుంది. ఎదుటి కుక్క కనిపించినా మనది ప్రశాంతంగా తిండి తినగలిగేంత దూరం, ముప్పై అడుగులో యాభై అడుగులో, వెతుక్కోవాలి. అది కనిపించిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వాలి. కనబడకపోతే ఇవ్వడం ఆపాలి. మన కుక్క అటు చూసి వెంటనే మన ముఖం వైపు తిరిగే దాకా ఆ దూరం తగ్గించకూడదు. తగ్గించినా రెండు మూడడుగులే. తొందరపడి దూరం సగం చేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో ఇచ్చిన ప్రకటనలో, మొండివాటితో సహా అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతులనే వాడమని సూచించింది. మీ హవల్దారుగారు ఈ విషయంలో ఏమంటారో అడగండి. ‘మా రోజుల్లో గొలుసు వాడేవాళ్లం, ఇప్పుడు మానేశాను, ఎందుకంటే...’ అని కారణం చెప్పగలిగితే ఆయన్ని వదులుకోకండి.

మూడోవారిది అందంగా వినిపించే పేరు. మన దేశంలో ‘డాగ్ ట్రైనర్’, ‘బిహేవియరిస్టు’ (ప్రవర్తన నిపుణుడు) అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్లలో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది అనుభవం చూపించి పరీక్ష రాసేది. సీపీడీటీ-కేఏ అలాంటిది: గత మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చి ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు, మూడేళ్లకోసారి కొత్త విషయాలు చదివినట్టు చూపించి రెన్యూవల్ చేసుకోవాలి. రెండోది కుక్కతో పనిచేసి చూపిస్తే ఇచ్చేది. కరెన్ ప్రయర్ అకాడమీ వారి కేపీఏ-సీటీపీ ఆ కోవలోది. మూడోది డబ్బు కట్టి, వీడియోలు చూసి, ఇంట్లోనే ఒకట్రెండు పరీక్షలు రాస్తే మెయిల్లో వచ్చేది. మూడింటి మీదా బంగారు ముద్ర ఒకేలా మెరుస్తుంది. సర్టిఫికెట్ మీద సంస్థ పేరు, గడువు తేదీ చూడండి. నిఖార్సైన సంస్థలు తమ సభ్యుల జాబితా వెబ్‌సైటులో పెడతాయి. ఆయన పేరు అక్కడ ఉందేమో మీరే వెతకండి, స్క్రీన్‌షాట్ నమ్మకండి. ‘వెటర్నరీ బిహేవియరిస్టు’ అన్న మాట వాడితే ఇంకా గట్టిగా అడగాలి. అది పశువైద్యం చదివాక ప్రవర్తన మీద ప్రత్యేకంగా ఏళ్ల తరబడి శిక్షణ పొంది, బోర్డు పరీక్ష పాసైనవారికే చెల్లే మాట.

కాగితం కంటే మంచి పరీక్ష ఒకటుంది. పైన చెప్పిన దూరం, చికెన్ పద్ధతిని కుక్క యజమానికి వివరించినట్టు, తేట తెలుగులో, ఒక్క ఇంగ్లీషు శాస్త్రపదం లేకుండా చెప్పమనండి. విషయం వంటబట్టినవారు మీ పెద్దమ్మకైనా అర్థమయ్యేలా చెప్తారు. రేపు మీరు ఇళ్లకెళ్లి చేయాల్సిన పని కూడా అదే.

బ్రీడరుగారి దగ్గర నేర్చుకోదగ్గవి ఉన్నాయి: ఎదకు రావడం, ఈనే వేళ గుర్తులు, పుట్టిన పిల్లల్ని రోజూ తూకం వేయడం, బొచ్చు సంరక్షణ. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఆయన కెన్నెల్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లల్ని అమ్మకూడదు. నమోదు పత్రం చూపించమని అడగండి. చూపించకపోతే ఆయన నేర్పే మిగతా విషయాలకూ అంతే విలువ. ఆయన చేతిలో కుక్కపిల్ల ఎనిమిదో వారం దాకా ఉంటుంది, ఇళ్లలో ఇబ్బందులు ఎనిమిదో నెలలో మొదలవుతాయి. ఆ వయసు కుక్కల గురించి ఆయన మాటను ప్రమాణంగా తీసుకోకండి. తరగతిలో కుక్కపిల్లల్ని అమ్మకానికి పెడితే అది తరగతి కాదు.

నలుగురి కాగితాలూ బాగున్నాయే అనుకుందాం. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా లేదా అన్నది తేల్చే ప్రశ్న ఒకటుంది, నలుగురినీ విడివిడిగా అడగండి: ‘తొమ్మిది వారాల కుక్కపిల్లను బయటికి తీసుకెళ్లొచ్చా?’ టీకాలన్నీ అయ్యేదాకా, అంటే పదహారు వారాల దాకా గుమ్మం దాటించొద్దంటారు కొందరు డాక్టర్లు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి ఆ భయం న్యాయమే. ప్రవర్తన తెలిసినవారేమో, కుక్కపిల్ల లోకానికి అలవాటు పడే కాలం మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకే, ఆ తర్వాత కొత్తదేదైనా భయంగానే తోస్తుంది, ఇప్పుడే చూపించాలి అంటారు. అదీ నిజమే. ఇద్దరి మాటా నిలిచే జవాబు: మొదటి టీకా పడ్డాక పిల్లను చేతుల్లో ఎత్తుకుని బయటికి తీసుకెళ్లాలి, వీధి కుక్కలు తిరిగే నేల మీద దించకూడదు. ఆటోలు, హెల్మెట్లు, పిల్లల అరుపులు, గుడి గంటలు దూరం నుంచి వినిపించాలి, చూపించాలి. టీకాలు పూర్తయిన ఆరోగ్యమైన పెద్ద కుక్కలున్న ఇళ్లలో ఆడనివ్వాలి. ఈ జవాబు ఇద్దరు ముగ్గురి నోట వచ్చిందంటే అక్కడ నిజంగా ఒక కోర్సు నడుస్తోందని అర్థం. నలుగురూ నాలుగు రకాలుగా చెప్తే, మీరు కట్టే డబ్బు నలుగురి పేర్లు అచ్చేసినందుకే.

ఇంకో ప్రశ్న శిక్షకులిద్దరికి, అంటే హవల్దారుగారికీ బిహేవియరిస్టుకీ: ‘నిన్నటిదాకా బాగున్న కుక్క హఠాత్తుగా కరవడం మొదలుపెడితే ఏం చేస్తారు?’ ముందు డాక్టరుకు చూపిస్తామన్న మాట మొదట రావాలి. చెవిలో చీము, తుంటి నొప్పి, పుచ్చిన పన్ను ఇలాంటివాటికి శిక్షణ మందు కాదు.

కరపత్రంలో ‘జంతు సంరక్షణ’ అని ఉంది గానీ నలుగురూ కుక్కలవారే. పిల్లి గురించి నేర్పేదెవరో అడగండి. పక్షుల గురించి అంటే, కేంద్రంలో ఏం పక్షులున్నాయో కళ్లారా చూడండి. పంజరంలో రామచిలుక ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పెంచడం నేరం. ఆ సంగతి తెలియనివారికి జంతు సంరక్షణ నేర్పే అర్హత లేదు. తెలిసీ పెట్టుకున్నవారి దగ్గర నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

డబ్బు కట్టేముందు ఒక పూట తరగతి చూస్తానని అడగండి, వద్దంటే అదే మీకు జవాబు. వెళ్లినప్పుడు నోట్‌బుక్కులు కాదు, కుక్కల ముఖాలు చూడండి. పెదాలు పదేపదే నాక్కోవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి కనిపించడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, ఇవన్నీ ఒత్తిడి గుర్తులు. శిక్షకుడు వాటిని గమనించి పని ఆపుతున్నాడా? తిండి ముక్క బఠాణీ గింజంత ఉండాలి. కుక్క సరైన పని చేసిన ఒక్క సెకనులోపు ‘యస్’ అన్న మాటో, చేతిలోని చిన్న క్లిక్కరు చప్పుడో గుర్తుగా అందాలి. అది ఆలస్యమైతే, చెప్పగానే కూర్చున్న కుక్క తర్వాత లేచి నిలబడినందుకు బహుమతి వచ్చిందనుకుంటుంది. ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, ఆపై విశ్రాంతి. ముళ్ల పట్టీ, కరెంటు పట్టీ, చేతికర్ర ఏవైనా కనబడితే పేర్లు అడగనక్కర్లేదు, తిరిగొచ్చేయొచ్చు. ఒక్క ఇన్‌స్ట్రక్టరు చేతికింద ఆరుగురికి మించి ఉంటే మీ వంతు వచ్చేసరికి కుక్క అలసిపోతుంది.

వేళ కూడా చూడండి. సముద్రపు తేమ వల్ల విశాఖలో కుక్క రొప్పినా ఒళ్లు త్వరగా చల్లబడదు. ఉష్ణోగ్రత అంకె చూసి మోసపోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటాక ఆరుబయట పని పెట్టే శిక్షకుడికి ఈ ఊరి వాతావరణం తెలియదు, లేదా పట్టదు. అరచేతి వెనకభాగం తారురోడ్డు మీద ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉండలేవు. ‘ఎండదెబ్బ తగిలితే మొదట ఏం చేస్తారు?’ అని అడగండి. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తాం అన్నది సగం జవాబు. ముందు నీడకు చేర్చి, పొట్ట, తొడల సందు, పాదాల మీద ధారగా నీళ్లు పోస్తూ ఫ్యాను గాలి తగిలించాలి, ఆ తర్వాతే ప్రయాణం. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి అదే దుప్పటిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

ఫీజు ఒకేసారి కట్టకండి. ఏ ఇన్‌స్ట్రక్టరు వారానికి ఎన్ని గంటలు వస్తారో, అందులో చేత్తో చేసేది ఎంతో, మీకు ఎన్ని కుక్కలు అప్పగిస్తారో, చెప్పిన మనిషి మానేస్తే డబ్బు వెనక్కిస్తారో లేదో కాగితం మీద తీసుకోండి. మా అభిప్రాయంలో కనీసం అరవై శాతం గంటలు కుక్కలతోనే గడవాలి. వేర్వేరు స్వభావాలున్న నాలుగైదు కుక్కలకు మొదటి రోజు నుంచి చివరిదాకా మీరే నేర్పి చూపించాలి. డాక్టరు వారానికి ఒక గంట వచ్చి వెళ్తారని తేలితే క్లినిక్ ఉద్యోగానికి ఈ కోర్సు పనికిరాదు, రద్దీగా ఉండే క్లినిక్‌లో ఆరు నెలలు సహాయకురాలిగా చేరడం మేలు. పశువైద్యమే చదవాలని ఉంటే ఈ కోర్సు దానికి మెట్టు కాదు. ఆ డిగ్రీ శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలల్లో ఉంది, మనకు దగ్గరది గరివిడి.

చివరగా, కోర్సులో ఎవరినైనా కుక్క కరిస్తే ఏం చేస్తారో అడగండి. కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు పంపుతామనాలి. పసుపు, కారం, సున్నం మాట వస్తే అక్కడితో సరి. కుక్కలతో పనిచేసేవారు కాటు పడకముందే రేబీస్ టీకా వేయించుకోవాలి. 0, 7 రోజుల్లో రెండు డోసులు, 21వ రోజున గానీ 28వ రోజున గానీ మూడోది. కోర్సువాళ్లు ఈ మాట ఎత్తకపోయినా మీరు వేయించుకోండి. మూడో డోసు పడ్డాకే కుక్కల దగ్గరికి వెళ్లాలి కాబట్టి, తరగతులు మొదలయ్యే తేదీ నుంచి నెల రోజులు వెనక్కి లెక్కపెట్టి మొదటి డోసు తేదీ ఇప్పుడే ఖాయం చేసుకోండి.